ఆట ఆగిపోయినవాళ్ళు కోచ్‌లు ఎట్లా అయ్యారు?

నేను సాయంత్రం గ్రౌండ్‌లోకి రాకుండా చింతచెట్టు కింద ఎందుకు కూచుంటున్నానని చాలామంది అడుగుతున్నారు. నా మోకాలి లోపల కట్టు తెగింది. పి.ఇ.టి. సారు నన్ను హైదరాబాదు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించారు. ఆరు నెలలు బంతి ముట్టొద్దన్నాడు. తర్వాత ఆడొచ్చా అంటే "చూద్దాం" అన్నాడు.

ఆ రాత్రి విద్యానగర్‌లో సారు స్నేహితుని గదిలో పడుకున్నాం. పొద్దున్నే ఆటోలో ఉస్మానియా యూనివర్సిటీ లోపలికి పోయి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూచున్నాం. తార్నాక వైపు నుండి పరుగుకు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు వాళ్ళ మోకాళ్ళే కనిపించాయి. అక్కడ సారు చెప్పినవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ముందు ఈ కట్టు సంగతి. తొడ ఎముకనూ కింది ఎముకనూ మోకాలి దగ్గర కలిపి పట్టుకునే తాళ్ళ వంటివి లిగమెంట్లు. మోకాలి మధ్యలో ఉన్నది తెగినా, వాపు తగ్గాక మనిషి నడుస్తాడు, తిన్నగా పరుగు కూడా తీయగలడు. కాని ఫుట్‌బాల్ తిన్నగా పరుగెత్తే ఆట కాదు గదా! గబుక్కున పక్కకు తిరిగితే మోకాలు జారిపోతుంది. ఇప్పుడు దీనికి మంచి ఆపరేషన్లు వచ్చాయి. 1962లో ఇంత వైద్యం లేదు.

ఆ సంవత్సరం డిసెంబరు 26న ఇంగ్లండ్‌లో బ్రయాన్ క్లఫ్ అనే ఆటగాడు గోల్‌కీపర్‌ను గుద్దుకొని పడ్డాడు. మోకాలి కట్లు తెగాయి. అప్పటికి వయసు 27. మొత్తం 274 లీగ్ మ్యాచుల్లో 251 గోల్స్ కొట్టినవాడు! 1964లో మళ్ళీ దిగి మూడు మ్యాచులు ఆడాడు, ఇక కాలేదు. కుర్రవాళ్ళకు ఆట నేర్పుతూ, 1965లో హార్టిల్‌పూల్ అనే చిన్న జట్టుకు మేనేజర్ అయ్యాడు. అక్కడ మేనేజర్ అంటే ఆఫీసు ఉద్యోగం కాదు. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఎక్కడ ఆడించాలి అన్నీ అతనే చూస్తాడు. తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టును 1979లో, 1980లో యూరప్ విజేతగా నిలిపాడు.

మన గోపీచంద్‌కు కూడా 1994లో మోకాలు దెబ్బతిన్నది. కాని ఆయన మళ్ళీ ఆడి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, ఆ తర్వాత కోచ్ అయ్యాడు. అందరూ నాకు ఆయన పేరే చెప్తున్నారు. నాకు మాత్రం మళ్ళీ ఆడలేకపోయినవాళ్ళ గురించే తెలుసుకోవాలని ఉండింది.

అప్పుడు సారు తులసీదాస్ బలరాం గురించి చెప్పారు. ఆయనది సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ. 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. 1963లో ప్లూరసీ, అంటే ఊపిరితిత్తుల పొర వాచే జబ్బు, వచ్చి ఆట మానేయవలసి వచ్చింది. కాలు బాగున్నా ఊపిరి చాలదు. తర్వాత కోచ్‌గా పనిచేశాడు. 2023లో కోల్‌కతాలో చనిపోయాడు.

బలరాంను ఆడించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఈయన ఉస్మానియాలోనే చదివి, ఆ జట్టుకు ఆడి, బడిలో పంతులుగా పనిచేసినవాడు. దెబ్బ తగిలి ఆట మానినవాడు కాదు. అయినా కోచ్ పని ఏమిటో నాకు ఈయన వల్లనే తెలిసింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే అతన్ని కూచోబెట్టేవారు. రహీం అతన్ని వెనక నుండి తీసి ముందు సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టాడు! సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో మనకు బంగారు పతకం వచ్చింది. అప్పటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయాడు.

జర్నైల్ గోల్ కొట్టగలడని రహీంకు ఎట్లా తెలిసింది? ఇదే సారును అడిగాను. "రోజూ చూసేవాడికి తెలుస్తుందిరా" అన్నారు.

నేను చింతచెట్టు కింద కూచొని చేస్తున్నది అదే. ఆరో తరగతి తమ్ముళ్ళ ఆట నోట్‌బుక్‌లో రాస్తున్నాను. బంతి దగ్గర గుంపు కట్టడం పదిహేను రోజుల్లో కొంచెం తగ్గింది. గోల్ దగ్గర నిలబెట్టే ఒక తమ్ముడున్నాడు, పొట్టివాడని ఎవ్వరూ ముందుకు రానివ్వరు. వాడు ఎడమ కాలితో కొడితే బంతి నేరుగా పోతుంది, నేను పదకొండుసార్లు లెక్కపెట్టాను. ఈ ఆదివారం వాణ్ణి ముందు ఆడిద్దామని సారును అడిగాను. సారు నోట్‌బుక్ తీసుకుపోయారు, ఇంకా ఏమీ చెప్పలేదు.