బాయిలరు గదిలోని యోధుడు

విశాఖపట్టణము మొదలు ఇచ్ఛాపురము వరకు గల తీరసీమలో, నేవీ కొలువు ముగించుకొని పింఛనుతో ఇల్లు చేరిన పెద్దలు గల ఊళ్ళు పెక్కు కలవు. ఆ యూళ్ళ పిల్లలకు వారందరును ‘నేవీ తాతలు’. మా తాతగారును వారిలో ఒకరు. ఆయన గతించినపుడు పరామర్శకు వచ్చినవారెల్లరు 1971 నాటి పాకిస్తాను యుద్ధమున ఆయన విక్రాంత్ నౌకపై పోరాడిరని చెప్పుకొనిరి. అది అసత్యము కాదు. కాని ఆ యుద్ధము సాగినంతకాలము ఆయన శత్రువును గాని, శత్రుతీరమును గాని, మన విమానములు పైకెగయుటను గాని కన్నులార చూచి యెరుగరు. ఏలయన ఆయన పని యంతయు నీటిమట్టమునకు దిగువన, బాయిలరు గదిలో జరిగినది.

బాల్యము వీడకమునుపే ఆయన విశాఖలోని సర్కార్స్ శిక్షణకేంద్రమున బాలనావికుడుగా చేరి, కవాతును, ఈతను, త్రాళ్ళ ముడులను అభ్యసించి, పిదప లోనావాలాలోని శివాజీ సంస్థలో యంత్రవిద్య నేర్చి స్టోకరైరి. పూర్వము పొయ్యిలోనికి పారలతో బొగ్గు ఎగద్రోయువారికి ఏర్పడిన ఆ పేరు, నౌకలు చమురుతో నడచు కాలమునను తొలగిపోలేదు.

నౌకపై దినమును 4 గంటల చొప్పున వాచీలుగా భాగింతురు. సాయంకాలము 4 మొదలు 8 వరకు గల కాలమును మాత్రము 2 గంటల వాచీలు రెండుగా చీల్చుదురు. అందుచే దినమునకు వాచీలు 7 అయి, ఆ బేసిసంఖ్య మూలమున ఒకే జట్టు ప్రతిరాత్రియు నడిరేయి కాపునకే కట్టుబడక వంతులు మారుచుండును. కొలువు విడిచిన చాలకాలమునకును మా తాతగారు వేకువ 4 గంటలకు ఎవ్వరును లేపకయే లేచుచుండిరి. స్నానమునకు ఒక్క బకెట్టు నీటికి మించి వాడనీయకుండుట మాకు పిసినారితనముగా తోచెడిది. సముద్రజలమును కాచి, ఆ యావిరిని చల్లార్చి మంచినీరు చేసికొను నౌకలో, ముందు బాయిలరు తన వంతు త్రాగినగాని మనుష్యుని స్నానమునకు వంతు రాదని మాకు చాలకాలము తెలియలేదు.

విక్రాంత్ రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులో నిర్మాణము మొదలై, ఆ యుద్ధము ముగియుటచే అసంపూర్ణముగా నిలిచిపోయి, తరువాత మన దేశము కొనగా 1961 మార్చి 4వ తేదీన బెల్‌ఫాస్టులో మన నౌకాదళమున చేరిన విమానవాహక నౌక. అది 24 నాట్లకు మించిన వేగముతో పోగలిగినదే. కాని 1971 నాటికి దాని బాయిలర్లలో ఒకదానికి చీలికలు పడుటచే, ఆ వేగము అందరానిదయ్యెను. విమానము పైకెగయుటకు ఎదురుగాలి కావలెను. గాలి చాలనినాడు నౌక తానే వడిగా సాగి ఆ గాలిని కల్పించుకొనవలెను. అదియుగాక, చిన్న డెక్కుపైనుండి విమానమును ముందునకు విసరు యంత్రమునకును ఆవిరియే ప్రాణము. కాగా పైన పైలటు సాహసమెంతటిదైనను, దిగువన ఆవిరి తగ్గినచో అది నిష్ఫలమే.

పొగ విషయము మరియు సూక్ష్మమైనది. చమురునకు తగినంత గాలి అందనిచో పొగగొట్టమున నల్లని పొగయు, గాలి మితిమీరినచో తెల్లని పొగయు వెలువడును. పగటివేళ నల్లని పొగ నౌక యునికిని బహుదూరమువరకు శత్రువునకు చాటును. ఆ పొగ రంగును అద్దముల సాయమున క్రిందినుండియే కనిపెట్టుచు, చమురును గాలిని క్షణక్షణము సరిచూచుట స్టోకర్ల ధర్మము. యుద్ధమున తాము చేసిన ఘనకార్యము పొగ కనబడనీయకుండుటయే అని ఆయన నవ్వుచు చెప్పెడివారు.

విక్రాంత్‌ను వెదకుచు పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ సమీపమునకు వచ్చెను. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను ముందే అండమాను దీవులవైపు దాచి, రాజ్‌పుత్ అను పాత నౌకచేత విక్రాంత్ పేర వైర్‌లెస్ సందేశములు పంపించి, అది విశాఖలోనే యున్నదను భ్రాంతి కల్పించెను. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖ చెంతనే మునిగిపోయెను. అది యెట్లు మునిగెనను విషయమున ఇరుదేశముల కథనములును వేరు. డిసెంబరు 4 మొదలు విక్రాంత్ విమానములు చిట్టగాంగు, కాక్స్‌బజారు రేవులపై దాడులు సాగించెను. విశాఖలో నాయనమ్మకు మాత్రము భర్త యెక్కడనున్నదియు తెలియదు; శత్రువునకు దాచవలసిన రహస్యమును ఇల్లాలికిని దాచకతప్పదు గదా.

1997 జనవరి 31న విక్రాంత్ సేవనుండి విరమించి, కొన్నియేండ్లు ముంబైలో ప్రదర్శనశాలయై, తుదకు తునాతునకలయ్యెను. ఆ యుక్కులో కొంత మోటారుసైకిళ్ళలో చేరినది. నౌకను విరుచుచున్నారని పత్రికలో చదివినపుడు తాతగారు దుఃఖింపలేదు. చీలికలు పడిన ఆ బాయిలరును ఎట్టివారు విప్పిరో, లోపలి గొట్టములు ఏస్థితిలోనుండెనో అని మాత్రము విచారించిరి. పని ఎరిగినవాని ప్రేమ అట్టిది.

ఆయన పెట్టెలో సంగ్రామ పతకము, పూర్వీ స్టారు, డిశ్చార్జి పుస్తకము దొరకినవి. ఏయే నౌకలపై ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకు పనిచేసిరో ఆ పుస్తకము చెప్పును గాని, ఆ తేదీల నడుమ దినము ఎట్లు గడచెనో చెప్పదు. దానిని చెప్పగలవాడు తాతయే. ఆయనను మేము చిన్ననాట యుద్ధము ఎట్లుండెనని అడిగితిమి. రెండు మాటలతో ముగించిరి. పెద్దవారమైన పిదప, ఆ దినమున మీ చేతిపని యేమని అడుగగా, పొద్దుగూకువరకు చెప్పిరి. కావున నేవీ తాతలున్న ఇండ్లలోని మనుమలు ఈ రెండవ ప్రశ్ననే అడిగి, వినినది వినినట్లు వ్రాసి యుంచుట మేలు. కృష్ణన్ వంటి సేనానుల పేర్లు చరిత్రగ్రంథములలో నిలిచియే యున్నవి. పొగను కనబడనీయనివారి కథ మాత్రము వారి ఇంటివారు వ్రాసిననే నిలుచును.