పరీక్ష రోజు కడుపునొప్పి ఎందుకు?

తెనాలి, బాపట్ల, రేపల్లె - ఈ మూడు ఊళ్ళలోనూ నేను పిల్లలకు పాఠాలు చెప్పాను. పరీక్ష రోజు ఉదయం కడుపు పట్టుకుని కూర్చునే బిడ్డ ప్రతిచోటా ఒకరు ఉండేవారు. "బహానా చేస్తున్నావా?" అని గద్దించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నాది పొరపాటు.

మన పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడు నుండి కడుపు దాకా దిగే వేగస్ అనే నాడి వాటిని మెదడుతో కలుపుతుంది. ఆ నాడిలోని పోగుల్లో ఎక్కువ భాగం కడుపు సంగతులను పైకి చేరవేసేవే. పైనుంచి ఆజ్ఞలు తెచ్చేవి తక్కువ. భయం కలిగితే పేగుల కదలిక మారుతుంది. ఆ మార్పే పిల్లవాడికి నొప్పిగా తెలుస్తుంది. లోపల పుండు ఉండదు, నొప్పి మాత్రం నిజం. ఉర్దూలో ధైర్యాన్ని 'జిగర్' అంటాం. తెలుగులో బిడ్డ బాధ చూస్తే 'కడుపు తరుక్కుపోయింది' అంటాం. పెద్దలు ఊరికే అనలేదు.

ఈ ఇద్దరికీ తోడు మూడోది వ్యాధి నిరోధక శక్తి. దాని కణాల్లో పెద్ద భాగం పేగుల దగ్గరే కాపలా ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడు ముద్ద సయించకపోవడం, ముసుగుతన్ని పడుకోవాలనిపించడం ఆ కణాలు మెదడుకు పంపే కబురు వల్లనే. పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఇందులో వాటా ఉంది. 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవులు అసలు లేకుండా పెంచిన ఎలుకలను కదలనీయకుండా బంధించి చూస్తే, మామూలు ఎలుకల కంటే వాటిలో ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా పెరిగాయి. ఎలుకలో తేలినదంతా మనిషికి వర్తించదు లెండి. పెరుగు తింటే దిగులు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పేగు చెడితే అది ఎంతదూరం పోతుందో 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారికి సొంత ఇంట్లోనే తెలిసింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ణి బలితీసుకుంది, ఆయననూ పీడించింది. ఆ జబ్బులో పేగు ఆహారంలోని ఫోలిక్ ఆమ్లాన్ని సరిగా పీల్చుకోలేదు. అది లోపిస్తే రక్తం తగ్గుతుంది, రక్షణ కణాలు సరిగా తయారు కావు, చిరాకు, మతిమరుపు కూడా రావచ్చు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది.

కడుపునొప్పి అన్న బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పాఠమంటే భయమో మెల్లగా అడగండి. కాని నొప్పితో రాత్రి నిద్రలోంచి లేస్తున్నా, బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడినా, జ్వరం విడవకున్నా పరీక్ష భయమే అనుకోవద్దు. తావీజు కట్టి ఊరుకోకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.