కారులో వచ్చిపోవు హెచ్చరిక దీపములు



దినమెల్ల విడువక కాయు జ్వరమును కనిపెట్టుట వైద్యునకు సులభము. వచ్చి, పోయి, మరల వచ్చు జ్వరమే కష్టము; వైద్యుడు నాడి చూచు వేళకు రోగి చల్లగా నుండును. మన పెద్దలు దీనికి విషమజ్వరమని పేరిడిరి. ఇట్టి విషమజ్వరము నేటి కారులకును గలదు. ప్రయాణమధ్యమున స్టీరింగు వెనుకనుండు మీటర్ల పలకమీద, జాఱుచున్న కారు గుఱుతుగల పసుపుపచ్చని దీపమొకటి వెలుగును. వెంటనే క్రూయిజ్ కంట్రోల్ పనిచేయదను వ్రాతయు కానవచ్చును. ఇంజను నాపి మరల నడిపించినచో రెండును మాయమగును. వర్క్‌షాపునకు గొనిపోయిన నాడు దీపము వెలుగనే వెలుగదు. కారును తామే నడుపుకొను స్త్రీలును, పిల్లలతో దూరప్రయాణములు చేయు స్త్రీలును నేడు పెక్కురు గలరు. కావున ఈ వ్యాధి నిదానమును కొంత యెఱిగియుండుట మన ధనమునకును ప్రాణమునకును గూడ మేలు.

మొదట ఈ రెండు సాధనములెట్టివో చూతము. మనము నిర్ణయించిన వేగమును కారు తానే నిలుపుకొనునట్లు చేయునది క్రూయిజ్ కంట్రోల్. దీనిని కల్పించిన రాల్ఫ్ టీటర్ అను అమెరికా దేశీయుడు బాల్యముననే చూపు గోల్పోయినవాడనుట వింతగొలుపు విషయము. ఆయనకు 1950లో పేటెంటు లభించెను. 1958లో క్రైస్లర్ సంస్థవారి కార్లలో నిది వచ్చెను. రెండవది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అనగా కారు స్థిరత్వమును గాపాడు సాధనము. మలుపులలో కారు జాఱునపుడు ఇది ఏ చక్రమునకు వలసిన ఆ చక్రమునకు మాత్రమే బ్రేకు వేసి కారును దారిలో నిలుపును. బాష్ సంస్థవారు సిద్ధపఱచిన ఈ సాధనము 1995లో మెర్సిడెస్ బెంజ్ కార్లలో బయలుదేఱెను. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవారి పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ అను చిన్నకారు బోల్తాపడగా, ఆ సంస్థవారు ఆ తరగతి కార్లన్నిటికిని దీనిని అమర్చిరి.

రాజులకు చారులే కన్నులందురు. ఈ సాధనమునకును చారులు గలరు. నాలుగు చక్రముల కడ నొక్కొక్క సెన్సారు చక్రవేగమును దెలుపును. ఒకటి స్టీరింగు తిరిగిన కోణమును, మఱియొకటి కారు ఒడలు తిరుగు తీరును దెలుపును. బ్రేకు పెడలుకడ నుండు చిన్న స్విచ్చి కాలు పెడలుపై నున్నదో లేదో చెప్పును. వీరిలో నొకని మాట తక్కినవారి మాటతో పొసగనిచో, స్థిరతా సాధనము పని మాని దీపము వెలిగించును. అది లేక క్రూయిజ్ కంట్రోల్ నడచుట క్షేమము కాదు గనుక అదియు విరమించును. దీపములు రెండైనను రోగము తఱచుగా నొక్కటియే. ఈ సంగతి యెఱుగక రెంటికిని వేర్వేఱు చికిత్సలు చేయించుట వ్యర్థవ్యయము.

వచ్చిపోవు దోషము సాధారణముగా నాలుగు చోటుల నుండును. మొదటిది బ్రేకు స్విచ్చి. అందలి లోహపు మొనలు అరిగినచో అది ఒకమారు పలికి, ఒకమారు పలుకకుండును. రెండవది చక్రముకడ సెన్సారు తీగ. చక్రము తిరుగునపుడెల్ల వంగుచు, బురదలో నానుచు లోపల తెగుట గలదు. మూడవది బ్యాటరీ, ముసలిదైనచో ఇంజను మేల్కొలుపునపుడు వోల్టేజి పడిపోయి సెన్సార్లు తడబడును. ఇంజను ఆగియున్నపుడు బ్యాటరీ కడ 12.6 వోల్టులును, నడచునపుడు ఇంచుమించు 14 వోల్టులును ఉండవలెను. నాలుగవది స్టీరింగు కోణపు సెన్సారు. చక్రముల అలైన్‌మెంటు చేయించిన పిదప దానికి సరియైన సున్నాను మరల నేర్పవలసి యుండును. ఒక టైరు పరిమాణమున వేఱైనను చక్రవేగములు పొసగవు.

ఇందు మన పని యేమనగా, ఒక చిన్న పుస్తకమున దినచర్య వ్రాయుట. దీపము వెలిగిన తేదీ, వేగము, వానయో యెండయో, మలుపో గతుకో, బ్రేకుపై కాలున్నదా లేదా, ఏయే దీపములు కలిసి వెలిగినవో వ్రాయవలెను. వానలోను మలుపులలోను వెలిగిన చక్రపు తీగను, ఉదయమున ఇంజను మేల్కొలుపగనే వెలిగిన బ్యాటరీని, బ్రేకు త్రొక్కి విడిచినపుడు వెలిగిన స్విచ్చిని మొదట అనుమానింపవచ్చును.

మా బంధువుల యింట నిట్లే జరిగెను. బ్రేకుల కంట్రోల్ యూనిట్టంతయు మార్చవలెనని ఒక వర్క్‌షాపువారు చెప్పిరి. ఆ యింటి యిల్లాలు పదునైదు దినములు వ్రాసిన లెక్క చూడగా, స్పీడు బ్రేకరుకడ మెల్లగా బ్రేకు త్రొక్కినపుడే దీపము వెలుగుచుండెను. స్విచ్చిని పరీక్షింపుడని ఆమె పట్టుపట్టెను. కొన్ని వందల రూపాయల స్విచ్చి మార్చగా రోగము కుదిరెను. అంతకన్న ముఖ్యమైనది వేఱొకటి కలదు: ఆ కారు వెనుక బ్రేకు దీపములు గూడ అప్పుడప్పుడు వెలుగుట లేదని అపుడే తెలిసెను. వెనుక వచ్చు లారీవాని కెట్లు తెలియును? దశరథుని రథమున శీల యూడగా కైకేయి తన వ్రేలుంచి నిలిపిన కథ మనమెఱుగుదుము. చిన్న శీలయే పెద్ద రథమును గాచును. మీరును సందెవేళ గోడయెదుట కారు నిలిపి, ఒకరు పదిమారులు పెడలు త్రొక్కుచుండ, మఱియొకరు వెనుక దీపములను చూడుడు.

వర్క్‌షాపున మూడు మాటలడుగుడు. ఇంజను కోడులే కాక బ్రేకుల యూనిట్టులోని కోడులను గూడ చదివి, తుడుచుటకు ముందు కాగితముపై వ్రాయుమనుడు. కారు నడచుచుండగా నాలుగు చక్రముల వేగములను యంత్రముపై చూపుమనుడు. ఒకటి హఠాత్తుగా సున్నాకు పడిన చోటు దొరకినట్లే. తీగను మెల్లగా కదల్చి చూడుమనుడు. కోడు ఏ చారుడు పలుకలేదో చెప్పును గాని, చారుడు చచ్చెనో, నడుమ దారి తెగెనో చెప్పదు. దానిని పరీక్షింపకయే వస్తువు మార్చుట తగదు.

దీపము జాఱు నేలపై క్షణకాలము మిణుకుమన్న, అది సాధనము పనిచేయుచున్న గుఱుతు, భయపడకుడు. విడువక వెలిగిన దోషమున్నట్లు. అపుడు బ్రేకులు సాధారణముగా పనిచేయును గాని జాఱునపుడు కాపుదల యుండదు. కావున మెల్లగా నడుపుచు ముందు బండికి దూరముగా నుండవలెను. ఎఱ్ఱని బ్రేకు దీపముగూడ వెలిగి, హ్యాండ్ బ్రేకు విడిచినను ఆఱనిచో, కారును ప్రక్కకు దీసి నిలిపివేయుడు. వానలో క్రూయిజ్ కంట్రోల్ నెన్నడును వాడకుడు.

దీపము తానే ఆఱినదని ఊరకుండరాదు. వెలిగినదని బెదరి, చెప్పినదెల్ల కొనవలదు. పాలు, పప్పు, పద్దులను లెక్కించు చేతులకు ఈ లెక్కయు కొత్త కాదు.