ప్రజెంటేషన్ అంటే స్లయిడ్లు చదవడం కాదు

ఇంజనీరింగ్, డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలో ప్రాజెక్టు సెమినార్ అనగానే ఒకటే హడావిడి. వారమంతా స్లయిడ్లు తయారు చేయడంలోనే గడిచిపోతుంది. తీరా అందరి ముందు నిలబడ్డాక తెర వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చదివేసి వచ్చేస్తారు. నెలల తరబడి చేసిన కష్టం పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మధ్య పెరిగిన పిల్లలైతే ‘నాకు ఇంగ్లీషు రాకనే ఇలా అయింది’ అని కుంగిపోతారు. చాలాసార్లు లోపం భాషలో కాదు, చెప్పే వరుసలో ఉంటుంది.

కొలంబియా స్లయిడ్ చెప్పే పాఠం

2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక బయలుదేరినప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బ గురించి లెక్కలు వేసి, నాసా అధికారులకు స్లయిడ్లు చూపించారు. అందులో ఒక స్లయిడ్ శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. అసలు సంగతి మాత్రం అట్టడుగున ఉండిపోయింది. గతంలో పరీక్షించిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఈసారి తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది!

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. ప్రమాదానికి స్లయిడే కారణం అనలేం. కానీ దాన్ని చదివిన పెద్ద అధికారికి ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయమని తట్టకపోవచ్చని విచారణ బోర్డు నివేదికలో రాసింది. ఆ స్లయిడ్ తయారు చేసినవాళ్లకు ఇంగ్లీషు రాక కాదు. ముఖ్యమైన మాట ముందు రాలేదు, అంతే.

మొదటి మాటలోనే విషయం

మిద్దె మీది ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే పరికరం చేశారనుకోండి. ‘మేము అల్ట్రాసోనిక్ సెన్సర్, మైక్రోకంట్రోలర్ వాడాం’ అని మొదలుపెడితే వినేవాళ్లకు ఏమీ అందదు. ‘ట్యాంకు పొంగి నీళ్లు వృథా కాకుండా మోటారు దానంతటదే ఆగే పరికరం ఇది’ అంటే వెంటనే అర్థమవుతుంది. సెన్సర్ పంపిన శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్నిబట్టి మట్టం తెలుస్తుందని ఆ తర్వాత చెప్పవచ్చు. ఆపైన పరీక్షల్లో ఏం తేలింది, ఎక్కడ పని చేయలేదు అనేవి చెప్పాలి.

ఈ వరుసను ముందు తెలుగులోనో ఉర్దూలోనో కాగితం మీద రాసుకోండి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చుకోండి. మొత్తం బట్టీ పట్టొద్దు, ఒక్క మాట మరిచిపోతే అంతా ఆగిపోతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం గట్టిగా వస్తే చాలు.

స్లయిడ్ల సంగతి

పది నిమిషాలకు ఏడెనిమిది స్లయిడ్లు సరిపోతాయి. ఒక్కో స్లయిడ్‌లో ఒక్క విషయమే ఉండాలి. పేరాలు వద్దు, బొమ్మ లేదా పట్టిక మేలు. అక్షరాలు వెనక బెంచీకి కనిపించాలి. వేరే కంప్యూటర్‌లో తెలుగు, ఉర్దూ ఫాంట్లు చెదిరిపోతుంటాయి కాబట్టి పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో, మెయిల్‌లో ఉంచుకోండి.

నిలబడి, పైకి చెబుతూ సాధన

మనసులో చదువుకోవడం సాధన కాదు. ఫోన్‌లో టైమర్ పెట్టి, నిలబడి, గొంతెత్తి కనీసం మూడుసార్లు చెప్పి చూడాలి. గడువు దాటితే మాటల వేగం పెంచొద్దు, విషయం తగ్గించండి. ఆ రోజు తెరను కాదు, మనుషులను చూస్తూ మాట్లాడండి. ప్రశ్న పూర్తిగా విన్నాకే జవాబివ్వండి. తెలియకపోతే ‘ఇది మేము పరీక్షించలేదు సార్’ అనడం నామోషీ కాదు, కల్పించి చెబితేనే దొరికిపోతారు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

ఇందుకు అమ్మీకో అబ్బాకో ఇంజనీరింగ్ తెలియనక్కర్లేదు. ఓ పది నిమిషాలు టీవీ ఆపి, బిడ్డ చెప్పేది వినాలి. విన్నాక ‘నువ్వు చేసింది ఇదే కదా’ అని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పి చూడాలి. చెప్పగలిగితే ప్రజెంటేషన్ బాగున్నట్టే. చెప్పలేకపోతే ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి. సెమినార్‌కు ముందు దిద్దుకోవాల్సింది ఆ చోటే.