బోర్డుకెక్కిన కులాలు, బోర్డుకెక్కని వంటలు

తిండి పండుగల సంస్కృతి మన ఊళ్ళకూ వచ్చింది. ఒకప్పుడు తీర్థానికి వెళితే జీళ్ళు, ఖర్జూరం, చెరకు గడలు దొరికేవి. ఇప్పుడు చక్రాల మీది వంటశాలలు వరుస కడుతున్నాయి. పులావు, బిర్యానీ, నూడుల్స్, కబాబు పక్కపక్కనే పొగలు కక్కుతున్నాయి. కాగితపు పళ్ళెం అందించేవారు తినేవారి కులం అడగరు, తినేవారు వండినవారి కులం ఆరా తీయరు. కులం పోయిందనడానికి ఇదే రుజువని సంబరపడేవారున్నారు. వారి మాటలో కొంత నిజం ఉంది. మిగిలిన నిజం ఆ బండ్లకు తగిలించిన బోర్డుల్లో ఉంది.

కనుమనాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివస్తాయి. ఆ తీర్థమే 2023 గణతంత్ర దినోత్సవాన రాష్ట్ర శకటమై ఢిల్లీ కర్తవ్యపథ్ మీద సాగింది. ఈ సంక్రాంతి రోజుల్లో కోనసీమ తీర్థాల వెంట తిరుగుతూ నేను కొన్ని బండ్ల దగ్గర తిన్నాను. జీడిపప్పు దండిగా వేసిన ‘రాజుగారి కోడి పులావు’ రుచి చూశాను. ‘బ్రాహ్మణ భోజనం’ అని రాసిన చోట ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నాను. ‘గోదావరి చేపల పులుసు’లో ముద్ద కలిపాను. చివరన ఆత్రేయపురం పూతరేకు నోట్లో కరిగింది. రుచికి వంక పెట్టను. వంటలకు పెట్టిన పేర్ల గురించే నా ప్రశ్న.

ఆ పేర్లలో ఒక వరుస కనిపిస్తుంది. పై కులాల వంటకు కులమే వ్యాపార చిహ్నం. రాజుగారు, బ్రాహ్మణ, రెడ్డి, చౌదరి అన్న మాటలు శుచికీ రుచికీ హామీపత్రాలుగా చెలామణి అవుతున్నాయి. ఏట్లో వలవేసి చేప పట్టే కులాల వంట దగ్గరికి వచ్చేసరికి కులం పేరు జారిపోయి నది పేరు మిగులుతుంది. ఇంకా కిందికి వస్తే పేరూ ఉండదు, వంటా ఉండదు. మాలపల్లె పులుసు అనో, మాదిగవాడ కూర అనో రాసుకున్న బండి నాకు ఒక్కటీ కనిపించలేదు. కరువు రోజుల్లో ఆ వాడలను బతికించిన నత్తల కూర, ఎండుచేపల ఇగురు, పెద్దకూర ‘కోనసీమ రుచుల’ జాబితాకెక్కవు. బోటి, తలకాయ మాత్రం పెద్ద హోటళ్ళ దాకా వెళ్ళాయి. అయితే అవి ఏ వాకిట్లో పుట్టాయో చెప్పకుండానే వెళ్ళాయి.

పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బోర్లించిన కుండ కింద మంట ఎగదోస్తూ, పిండిలో తడిపిన గుడ్డను దాని మీద పరిచి రేకు తీసే ఆడవాళ్ళ నేర్పుకు దక్కిన గౌరవమది. సంతోషించవలసిందే. ఒక వంట వెనుక ఒక ఊరి శ్రమ ఉందని చట్టమే ఒప్పుకున్నప్పుడు, దళితవాడల వంట వెనుకనున్న శ్రమను ఒప్పుకోవడానికి సమాజానికి అడ్డేమిటి?

ఆ అడ్డు ఎంత క్రూరమైనదో 2016 ఆగస్టులో అమలాపురం చూసింది. కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న ఇద్దరు దళిత సోదరులను గోరక్షకుల పేరిట వచ్చిన గుంపు చెట్టుకు కట్టి కొట్టింది. యజమాని పిలిస్తేనే వారు ఆ పనికి వెళ్ళారు. గుజరాత్‌లోని ఊనా ఘటన జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. చచ్చిన పశువును ఎత్తించే సమాజమే, ఎత్తినవాడి మీద చేయి చేసుకుంది. అటువంటి చోట పెద్దకూర బండి పండుగలో నిలబడుతుందని ఎలా ఆశించగలం? 1972లో విజయవాడలో గోరా ఆవుమాంసం, పందిమాంసం కలిపి స్నేహ విందు జరిపారు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే ఘర్షణలు చెలరేగాయి. నలభై ఏళ్ళలో మనం ఎటు నడిచామో ఆలోచించాలి.

హోటళ్ళలోకి, దుకాణాల్లోకి ప్రవేశాన్ని కులం పేరుతో అడ్డుకోరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం దానికి శిక్షలు జోడించింది. రెండు గ్లాసుల టీకొట్లపై దళితులు చేసిన పోరాటాల ఫలితమే నేటి కాగితపు పళ్ళెం. అయితే కలిసి తిన్నంత మాత్రాన కులం చావదని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో హెచ్చరించారు. కులాంతర వివాహమే అసలు మందు అన్నారు.

ఆ హెచ్చరిక ఎంత నిజమో 2022 మే 24న అమలాపురమే చూపింది. ఏప్రిల్‌లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదనపై నిరసన మంటలుగా మారింది. దళిత మంత్రి ఇంటికీ, బీసీ శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టారు. ఒకే బండి దగ్గర నిలబడి తినే యువకులున్న పట్టణమే అది. పళ్ళెం పంచుకోగలిగారు, బోర్డు మీద ఒక పేరును భరించలేకపోయారు.

అందుకే తిండి పండుగను కాలక్షేపంగా కొట్టిపారేయలేం. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలంటోంది. ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వ స్థలాల్లో జరిగే ఆహారోత్సవాలకూ ఆ సూత్రమే వర్తించాలి. బండ్ల కేటాయింపులో దళిత మహిళా సంఘాలకు వాటా ఉండాలి. చట్టం అనుమతించిన ఏ వంటనూ ‘మనోభావాల’ పేరిట తొలగించకూడదు. కులం పేరు బోర్డుకెక్కడం తప్పయితే అన్ని బోర్డుల మీదా తప్పే, రాజుగారి పులావు నుంచే తుడవడం మొదలుపెట్టాలి. తప్పు కాదంటే మాలపల్లె పులుసుకూ అదే వరుసలో, అదే వెలుగులో చోటివ్వాలి. ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటారో నిర్వాహకులే తేల్చుకోవాలి.