తుడిచి దిద్దనేరని పలక

పెన్‌డ్రైవునకు ఫైలొకటి పంపి, పని ముగిసినదని తెర చెప్పినంతనే దానిని ఊడబెరుకుట మనలో పలువురకు అలవాటు; కాని ఆ క్షణమున దాని చిన్న దీపమింకను మినుకుమినుకుమనుచుండిన యెడల, తెర పలికినది తొందరపాటు మాట యనియు, అక్షరములు కొన్ని యింకను కంప్యూటరు తాత్కాలిక స్మృతియందే నిలిచి యుండవచ్చుననియు గ్రహింపవలెను.

1967లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ యనువారలు, ట్రాన్సిస్టరు నడుమ విద్యుద్బంధకపు పొరలచే చుట్టబడిన యొక సూక్ష్మమైన గదిని కల్పించి, అందు ఎలక్ట్రానులను బంధించు మార్గమును చూపిరి. కరెంటు పోయినను ఆ బందీలు పారిపోజాలవు గనుక, గది నిండుగా నున్నదా, ఖాళీగా నున్నదా యనునదే బిట్టను అతిచిన్న గుర్తగును. ఈ సూత్రముపై వెలసిన ఈప్రామ్ చిప్పులను చెరుపుటకు వానిని అతినీలలోహిత కాంతి క్రింద నిమిషముల తరబడి ఉంచవలసి వచ్చెడిది. తోషిబా సంస్థ ఇంజనీరు ఫుజియో మసువొక, పెక్కు గదులను ఒక్కమారుగా విద్యుత్తుతోనే చెరుపు విధమును 1984లో వెల్లడించెను. ఆ చెరుపు కెమెరా మెరుపును తలపించుటచే సహోద్యోగి షోజి అరియిజుమి దానికి ఫ్లాష్ అను పేరు సూచించెనందురు. పెన్‌డ్రైవులో నున్నది ఈ ఫ్లాష్ స్మృతియే.

బడిపిల్లవాడు పలకపై అక్షరము తప్పినచో వ్రేలితో ఆ యొక్క అక్షరమునే తుడిచి దిద్దుకొనును. ఫ్లాష్‌నకు ఆ సౌకర్యము లేదు: వ్రాయునది కొన్ని కిలోబైట్ల పుట చొప్పున, చెరుపునది అట్టి పుటలనేకము గల దిమ్మ చొప్పున. పైగా ప్రతి చెరుపునకును బంధకపు పొర కొంత అరుగును. గదికొక్క బిట్టు దాచు రకము సుమారు 1,00,000 చెరుపుల నోర్చుకొనగా, మూడేసి బిట్లు కూరిన రకము కొన్ని వేలకే డస్సిపోవును.

కావున డ్రైవులోని కంట్రోలరు, మారిన పుటను వేరొక ఖాళీ పుటలో వ్రాసి, ఏది యెచ్చట నున్నదో తెలుపు పట్టికను సవరించుకొనును. ఖాళీలు తరిగినప్పుడు చెల్లుబాటగు పుటలను మరియొక చోటికి చేర్చి, దిమ్మను చెరుపును. నిండిపోవచ్చిన డ్రైవు వ్రాతలో మందగించుటకు ఈ సర్దుబాటే ముఖ్యహేతువు. తొలగించిన ఫైళ్ల జాడను ఫైల్ సిస్టమ్ ట్రిమ్ అను ఆజ్ఞతో ముందే తెలిపినచో ఈ వృథాశ్రమ తగ్గును.

ఉన్నచోటనే తుడిచి దిద్దలేని ఈ యశక్తతయందే యొక మేలు గలదు: క్రొత్త ప్రతి కుదురుకొనువరకు పాతది చెడదు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు వెలువరించిన జెడ్‌ఎఫ్‌ఎస్, ఈ నీతినే ఫైల్ సిస్టమ్‌నందు పాటించి, నడుమ కరెంటు పోయినను పాత రూపము నిలుచునట్లు చేసెను. అంతేకాక ప్రతి భాగమునకును కట్టిన చెక్‌సమ్ అను సరిచూపు సంఖ్యను, దానికి దారి చూపు పైభాగమునందు దాచెను. చెడిన భాగము తనకు తానే సాక్షియై నిలుచుటకు వీలులేదు. అయినను సాక్షి దోషమును చూపునేగాని పోయిన అక్షరమును తేజాలడు. అందులకు రెండవ ప్రతి యుండవలెను.

ఇన్ని జాగ్రత్తలును, వ్రాసితినని పరికరము చెప్పు మాట నిజమైనప్పుడే ఫలించును. ఊడదీయుటకు ముందు తెరపై అనుమతి కోరుట, ఆ మాటను దానిచేత నిజముగా చెప్పించుటకే. దీపము నిలకడ పొందువరకు చేతిని ఆపుట, మన వంతు.