పూల కోసం పెంచే ఉల్లి: అపోహలు – వాస్తవాలు

మే నెలలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ఇళ్ల ముందు నడుమెత్తు కాడల చివర గుండ్రంగా, ఊదా రంగులో పూసే గుత్తులు అలియం పూలు. మన ఉల్లి, వెల్లుల్లి ప్రజాతిలోవే ఇవీ. ఆ ప్రజాతిలో 900కు పైగా జాతులున్నాయి. పెద్ద పూగుత్తుల రకాలు ఎక్కువగా మధ్య ఆసియా, ఇరాన్, టర్కీ కొండల నుంచి వచ్చాయి. "ఉల్లే కదా, మనకు తెలియనిదేముంది" అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ఉల్లిమడి అనుభవం వీటి దగ్గర సగమే పనికొస్తుంది. మిగతా సగం వీటి పుట్టినచోట ఏడాది ఎలా గడుస్తుందో తెలుసుకుంటే గాని పట్టుబడదు.

అపోహ: వీటిని పెడితే పెరడంతా ఉల్లి వాసనే

ఆకు నలిగితేనో తెగితేనో తప్ప వాసన రాదు. ఘాటుకు మూలమైన గంధక పదార్థం, దాన్ని విడగొట్టే ఎంజైము మొక్క కణంలో వేర్వేరు చోట్ల ఉంటాయి. కణం చితికినప్పుడే రెండూ కలుస్తాయి. నడిచే దారికి జానెడు ఎడంగా నాటితే చాలు.

అపోహ: పూత వేళకు ఆకులు పసుపెక్కాయంటే నీళ్లు చాలలేదు

ఎక్కువ గడ్డలు పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. అలియం జైగాంటియం అనే నిలువెత్తు రకాన్నే చూడండి. దాని సొంత కొండల్లో చలికాలమంతా మంచు, వసంతంలో వాన, ఆ తర్వాత చుక్క నీరు లేని ఎండాకాలం. కొద్ది వారాల వసంతంలోనే ఆకులు ఎదిగి, ఏడాదికి సరిపడా తిండి గడ్డలో దాచి, పువ్వు విచ్చే వేళకే ఎండిపోతాయి. అది జబ్బు కాదు, దాని పని ముగిసిందన్న గుర్తు. అప్పుడు నీళ్లు పోస్తూ పోతే నేలలో నిద్రపోతున్న గడ్డ కుళ్లిపోతుంది. చూడ్డానికి బాగోలేదని పచ్చి ఆకుల్ని ముందే కోసేయడమూ అంత నష్టమే, మరుసటి ఏటి పువ్వు చిన్నదవుతుంది. ఎండే ఆకుల్ని దాచాలంటే ముందు వరసలో గుబురుగా పెరిగే వేరే మొక్కలు పెట్టండి.

నాటేది అక్టోబరులో, నేల గడ్డకట్టక ముందు. బాగా ఎండ తగిలే, నీళ్లు నిలవని చోట, గడ్డ ఎత్తుకు మూడింతల లోతున. ఉల్లిలాగా ఏటా తవ్వి దాచాల్సిన పని లేదు. నీరు ఇంకే నేలైతే ఏళ్ల తరబడి అక్కడే ఉండనివ్వచ్చు. గుంపు ఇరుకై పూలు తగ్గినప్పుడు, ఆకులు పూర్తిగా ఎండాక తవ్వి, పిల్లగడ్డల్ని విడదీసి మళ్లీ నాటాలి.

అపోహ: గింజ వేస్తే తల్లిలాంటి పువ్వే వస్తుంది

అది రకాన్ని బట్టి ఉంటుంది. 'గ్లోబ్‌మాస్టర్' సంకరం, గొడ్డుది. గింజే కట్టదు కాబట్టి పిల్లగడ్డలే దిక్కు. 'పర్పుల్ సెన్సేషన్' గింజ కడుతుంది గాని ఆ మొలకల పూలు చాలావరకు రంగు వెలిసినట్టుంటాయి. తల్లి గడ్డల పక్కనే గింజలు రాలనిస్తే కొన్నేళ్లకు మొత్తం పాదు రంగు పలచబడుతుంది. ఆ ముదురు రంగే కావాలనుకుంటే గింజలు ముదరక ముందే గుత్తులు తుంచేయండి. సంకరం కాని అసలు జాతుల్ని గింజ నుంచి పెంచడం మాత్రం నిజంగా ఇష్టంగా చేసుకోవాల్సిన పని. తాజా గింజను శరదృతువులో కుండీలో చల్లి ఆరుబయట చలికి వదిలేస్తే వసంతంలో మొలుస్తుంది. మొదటి ఏడాది గడ్డిపోచలాంటి ఒక్క ఆకే వస్తుంది, కలుపనుకొని పీకేయకండి. పువ్వు చూడ్డానికి మూడు నుంచి ఐదేళ్లు పట్టొచ్చు.

అంత ఓపిక లేనివాళ్లకు 'మిలేనియం' మంచి రకం. 2018లో అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ దాన్ని ఆ ఏటి మొక్కగా ఎంచింది. దుబ్బుగా పెరుగుతుంది, ఆకు నిలిచి ఉండగానే నడివేసవిలో పూస్తుంది. వసంతంలో దుబ్బును పారతో చీల్చి నాటుకోవచ్చు.

అపోహ: ఉల్లి జాతే కాబట్టి కూరలోకీ పనికొస్తుంది

పూల కోసం అమ్మే గడ్డలకు శిలీంద్రనాశిని పూసి ఉండొచ్చు. వంటకు వద్దు. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే మరింత జాగ్రత్త. ఉల్లి జాతి ఏదైనా వాటి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది.

అపోహ: జింకలే ముట్టవు, ఇక బెడదేముంది

జింకలు, కుందేళ్లు వీటిని సాధారణంగా వదిలేస్తాయి, నిజమే. కానీ 2015 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో అలియం లీఫ్‌మైనర్ అనే చిన్న ఈగ బయటపడింది. అమెరికా ఖండాల్లో అది కనబడడం అదే మొదలు. ఆకు మీద వరసగా తెల్లటి చుక్కలు కనిపిస్తే అది గుడ్లు పెట్టిన జాడ. పురుగు ఆకు లోపల తొలుచుకుంటూ గడ్డ వైపు దిగుతుంది. పక్కనే వెల్లుల్లి వేసినవాళ్లు దాన్ని ఈగ తిరిగే వసంతంలో, శరదృతువులో సన్నటి వలతో కప్పాలి. తెల్లకుళ్లు అనే శిలీంద్ర తెగులు వచ్చిన మడిలో మాత్రం ఏ ఉల్లి జాతీ నాటొద్దు. ఆ శిలీంద్రం 20 ఏళ్లదాకా నేలలో బతికుండగలదు.

అపోహ: ఫ్రిజ్‌లో పెట్టి నాటితే హైదరాబాద్‌లోనూ పూస్తాయి

ఒకసారి పూస్తే పూయొచ్చు. ఆ పువ్వు మాత్రం గడ్డ పెరిగిన నెదర్లాండ్స్ చల్లటి పొలం ఇచ్చింది. మన దగ్గర ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది, ఆకులు మళ్లీ గడ్డ నింపేలోపే కాలం అయిపోతుంది. విదేశాల నుంచి పెట్టెలో గడ్డలు తెచ్చుకోవడం అసలే వద్దు. నాటే సామగ్రికి దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే దేశంలోకి రానివ్వరు.

మనకు తగినవి వేరే ఉన్నాయి. గార్లిక్ చైవ్స్ కుండీలో హాయిగా పెరిగి చుక్కల్లాంటి తెల్లటి పూలు పూస్తుంది. దుబ్బు చీల్చి పంచుకోవచ్చు, ఆకు వంటకూ పనికొస్తుంది. అన్నిటికంటే సులువు మన ఉల్లిపాయే. అక్టోబరు, నవంబరులో గట్టి పాయను కుండీలో నాటితే చలికాలం చివరికల్లా బోలు కాడ లేచి, తెల్లటి గుండ్రని గుత్తి విచ్చుకుంటుంది. తేనెటీగలు దాన్ని వదలవు. కాయలు కొన్ని పగిలి నల్లగింజ కనబడగానే గుత్తి కోసి, నీడన ఆరబెట్టి, వచ్చే అదనులోనే చల్లేయండి. ఉల్లి గింజకు మొలకశక్తి ఎక్కువకాలం నిలవదు.